బల్లపై దిండిగల్: నమూనా రైలుదారికి గుట్ట, ఊరు, స్టేషన్ కట్టడం

నమూనా రైలుదారికి కావలసిన ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు దుకాణంలో దొరుకుతాయి. వాటి చుట్టూ ఉండాల్సిన నేల, గుట్ట, చెట్టు, స్టేషన్, గోదాము, ఇల్లు మాత్రం చాలావరకు చేత్తో కట్టుకోవాల్సిందే. ఈ పని చేసేవారు వీటన్నిటినీ కలిపి సీనరీ అంటారు. ఇది లేనంతకాలం బల్ల మీద తిరిగేది బొమ్మ రైలే. ఇది చక్కగా కుదిరితే అదే రైలు ఒక ఊరి నుంచి మరో ఊరికి పోతున్నట్టు ఉంటుంది. ఎన్ని వస్తువులు పెట్టారన్న లెక్క మీద ఈ భ్రమ ఆధారపడదు. ప్రతి వస్తువూ ఉన్నచోట ఎందుకుందో చూసేవారికి తెలిస్తే చాలు, కన్ను నమ్ముతుంది. వాన నీరు ఎటు పారుతుందో అటు వాగు, సరుకు ఎక్కడ దిగుతుందో అక్కడ గోదాము, పొగ ఎక్కడ తగులుతుందో అక్కడ మసి ఉండాలి.

తమిళనాడులో స్థిరపడిన తెలుగిళ్లకు ఈ కళ పూర్తిగా కొత్తదేమీ కాదు. నవరాత్రుల్లో బొమ్మల కొలువు మెట్ల కింద ఇసుక పోసి, ఆవాలో రాగులో మొలకెత్తించి పచ్చిక చేసి, అద్దం ముక్కతో చెరువు పెట్టి, ఇటుకల మీద గుట్ట నిలిపి చిన్న పార్కు కట్టే అలవాటు ఉంది. దాని చుట్టూ కీ ఇచ్చే రైలు తిప్పేవారూ ఉన్నారు. తొమ్మిది రోజుల ఆ పార్కును ఏళ్ల తరబడి నిలిచేలా, కొలతకు లోబడి కడితే అది నమూనా రైలుదారి సీనరీ అవుతుంది.

కళ పెరిగిన తీరు

జర్మనీకి చెందిన మెర్క్‌లిన్ సంస్థ 1891లో బొమ్మ రైళ్లకు నిర్ణీత పట్టా వెడల్పులు ప్రకటించింది. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, ఒకరి పెట్టెలు మరొకరి పట్టాలపై నడిచేలా ప్రమాణాలు రూపొందించింది. జర్మనీలో ఫాలర్ సోదరులు 1946లో మొదలుపెట్టిన సంస్థ చిన్న ఇళ్లు, స్టేషన్ల కిట్లకు పేరు తెచ్చుకుంది.

సీనరీని వేరే స్థాయికి తీసుకెళ్లిన వ్యక్తి కాలిఫోర్నియాలోని మాంటరేలో ఉన్న జాన్ అలెన్. ఆయన కొండలను నేల నుంచి పైకప్పు దాకా లేపి, పెట్టెలకు, కట్టడాలకు తుప్పు, మసి, వెలిసిన రంగు అద్దారు. కొత్త బొమ్మలా మెరిసేదాన్ని పాతబరిస్తేనే నిజమనిపిస్తుందని ఆయన పని చాలామందికి చూపించింది. ఇంగ్లండులో రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన 1954లో పెండన్ మ్యూజియం స్థాపించారు. 1920, 30ల నాటి పల్లె ఇళ్లను అక్కడ 1:76 కొలతలో ఒక్కొక్కటిగా నకలు తీస్తూ వచ్చారు. హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వుండర్‌లాండ్ ఇప్పుడు పెద్ద పర్యాటక కేంద్రం. మన దేశంలో పుణెలోని జోషీ మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వే 1998 నుంచి సందర్శకులకు నమూనా రైళ్ల నగరాన్ని చూపుతోంది.

పెండన్ దారి మన ఊళ్లకూ పనికొస్తుంది. మారిపోయిన రైలుదారిని, కూలిపోతున్న కట్టడాలను కొలతతో సహా నిలిపి ఉంచే పద్ధతి అది. తమిళనాడులోని దిండిగల్ అందుకు తగిన ఊరు.

ఏ ఊరు, ఏ కాలం

సీనరీలో మొదటి పని కత్తెర పట్టడం కాదు, కాలం నిర్ణయించడం. సౌత్ ఇండియన్ రైల్వే తిరుచిరాపల్లి నుంచి దిండిగల్ మీదుగా మదురైకి 1875లో మీటర్ గేజ్ దారి వేసింది. ఆ తర్వాత పళని, పొళ్ళాచి వైపు మరో మీటర్ గేజ్ లైను రావడంతో దిండిగల్ జంక్షన్ అయింది. 20వ శతాబ్దం చివర ప్రధాన మార్గం బ్రాడ్‌గేజ్‌కు మారింది. పళని లైను మార్పు 2010 తర్వాతి దశాబ్దంలో పూర్తయింది.

అంటే ఒకే ఊరికి కనీసం మూడు రూపాలున్నాయి. మీటర్ గేజ్ ఆవిరి కాలాన్ని ఎంచుకుంటే వైపీ, వైజీ ఇంజన్లు, ఇటుక రంగు పెట్టెలు, సెమాఫోర్ చేతుల సిగ్నళ్లు, నీళ్ల స్తంభాలు, బొగ్గు కుప్పలు కావాలి. డీజిల్ కాలానికి వైడీఎం-4 ఇంజన్లు చాలు, బొగ్గు కుప్పలు పోతాయి. ఈనాటిదైతే కాంక్రీటు స్లీపర్లు, రంగు దీపాల సిగ్నళ్లు, తలపైన కరెంటు తీగలు తప్పవు. మూడు కాలాలనూ ఒకే బల్ల మీద కలిపితే విడివిడిగా ఏ వస్తువు బాగున్నా మొత్తం నమ్మకం పోతుంది. ఆవిరి ఇంజను పక్క గోడ మీద సెల్‌ఫోన్ ప్రకటన ఉండకూడదు.

కొలతల లెక్క

ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ, అంటే 1:87. స్థలం తక్కువైన ఇళ్లలో ఎన్ స్కేలు, అంటే 1:160 నడుస్తుంది. 1:87లో అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లు, ఏడడుగుల తలుపు 24 మిల్లీమీటర్లు, పది అడుగుల అంతస్తు 35 మిల్లీమీటర్లు అవుతాయి. 22.3 మీటర్ల ఐసీఎఫ్ (ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె దాదాపు 25.6 సెంటీమీటర్లకు దిగుతుంది. 24 పెట్టెల రైలుకు ఆరు మీటర్లకు పైగా ప్లాట్‌ఫాం కావాలి. మామూలు గదిలో అది కుదరదు కాబట్టి ఆరు పెట్టెలతో సరిపెట్టి ప్లాట్‌ఫాంను కుదిస్తారు. తలుపులు, కిటికీలు, మనుషుల కొలత మార్చరు. పొడవును, సంఖ్యను మాత్రమే తగ్గిస్తారు. పన్నెండు కిటికీల గోదాము ఏడు కిటికీలతో ఉన్నా గుర్తుపట్టవచ్చు. కిటికీనే చిన్నది చేస్తే పక్కనున్న మనిషి రాక్షసుడిలా కనిపిస్తాడు.

పట్టాల దగ్గర భారతీయ నమూనాకు ఒక చిక్కుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు ఉంటాయి. అది విదేశాల 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కు లెక్క. మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌కు 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. చాలామంది ఆ తేడాతో సర్దుకుంటారు. మీటర్ గేజ్ దిండిగల్‌కు ఈ ఇబ్బంది తక్కువ. లెక్క ప్రకారం 11.5 మిల్లీమీటర్లు రావాలి, 12 మిల్లీమీటర్ల పట్టాలు బజారులో ఉన్నాయి. అయితే వాటిలో 1:120 కొలత కోసం చేసినవాటికి స్లీపర్లు చిన్నవిగా, దగ్గరగా ఉంటాయి. అవి కోసి ఎడంగా పేర్చుకోవాలి.

గుట్ట ముందు, గుడిసె తర్వాత

కట్టే వరుస భూమి పుట్టిన వరుసనే అనుసరిస్తుంది. ముందు రాయి, దాని మీద మట్టి, తర్వాత దారి, కట్టడం, చెట్టు, చివరగా మనిషి వాడకపు గుర్తులు. ఊరు కట్టేశాక గుట్ట చెక్కబోతే ప్లాస్టర్ చినుకులన్నీ ఇళ్ల మీద పడతాయి.

దిండిగల్‌లో కంటికి ముందు ఆనేది బోడి రాతి గుట్ట. మదురై నాయకుల్లో ముత్తుకృష్ణప్ప నాయకుడు 1605 ప్రాంతంలో దాని మీద కోట కట్టించాడని చరిత్ర. హైదర్ అలీ 1755లో ఇక్కడ ఫౌజ్‌దారు అయ్యాడు, 1790లో కోట ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ఇలాంటి గుట్టను అచ్చమైన కొలతలో కట్టడం ఇంట్లో కష్టం. 80 మీటర్ల ఎత్తున్న కొండ 1:87లో 92 సెంటీమీటర్లు లేస్తుంది, దాని అడుగు గదంతా ఆక్రమిస్తుంది. అందుకే ముందున్న స్టేషన్‌ను 1:87లో, నడిమి ఇళ్లను 1:120 లేదా 1:160లో, వెనక గుట్టను 1:220లో కడతారు. అప్పుడు అదే కొండ 36 సెంటీమీటర్లకు సరిపోతుంది. మీటరు లోతున్న బల్ల మీద కిలోమీటరు దూరం ఉన్నట్టు తోస్తుంది. పట్టాలు వెనక్కి తిరిగే వంపును ఆ గుట్ట చాటున దాచవచ్చు కూడా.

గుట్టకు లోపలి బొండుగా థర్మోకోల్ పలకలు, లేదా గట్టిగా ఉండే ఎక్స్‌పీఎస్ పలకలు ఒకదానిపై ఒకటి అంటించి కత్తితో చెక్కుతారు. అంటించడానికి ఫెవికాల్ వాడాలి. ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగుర్లు, స్ప్రే పెయింట్లు థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. చెక్కిన ఆకారంపై గాజుగుడ్డ ముక్కలను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ముంచి రెండు మూడు పొరలు పరుస్తారు. ప్లాస్టర్ కొద్ది నిమిషాల్లోనే బిగుస్తుంది కాబట్టి ఒక్కసారి గుప్పెడు మాత్రమే కలుపుకోవాలి.

రాయి ఆకారంలో స్థలం తెలియాలి. విదేశాల నుంచి వచ్చే రబ్బరు అచ్చులు పొరలు పొరలుగా చీలిన, మొనదేలిన కొండచరియల కోసం చేసినవి. దక్షిణాది బోడి గుట్టలది వేరే స్వభావం. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా పెళ్లలు ఊడి, నున్నగా, గుండ్రంగా మిగిలిన రాయి అది. కాబట్టి అచ్చు వదిలేసి తడి ప్లాస్టర్‌ను బ్రష్షుతో, వేళ్లతో నునుపుగా దిద్ది, అక్కడక్కడ మాత్రం వంపు పగుళ్లు గీయాలి. ఆరాక బాగా పలచని బూడిద, గోధుమ, లేత గులాబీ రంగులను ఒకదానిపై ఒకటి పారనివ్వాలి. వాన నీరు జారే చోట్ల సూక్ష్మజీవులు పెరిగి నల్లని నిలువు చారలు ఏర్పడతాయి. పైనుంచి కిందికి సన్నని కుంచెతో వాటిని గీస్తే గుట్ట ఒక్కసారిగా మన ప్రాంతపుది అవుతుంది. చివర దాదాపు ఆరిన కుంచెతో తెలుపు రంగును అంచులకు తాకిస్తే వెలుగు పడినట్టుంటుంది.

మట్టి, కంకర

రంగు కొనడం కన్నా మట్టి తేవడం మేలు. దిండిగల్ పరిసరాల ఎర్రమట్టిని ఎండబెట్టి, పెనం మీద వేయించి పురుగూ విత్తనమూ లేకుండా చేసి, టీ జల్లెడలో పడతారు. ఎర్ర నేలల్లో ఇనుప రేణువులు ఎక్కువ. అవి ఇంజను మోటారులోని అయస్కాంతానికి అంటుకుంటే మోటారు పాడవుతుంది. కాబట్టి జల్లించిన మట్టి మీద కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని నాలుగైదుసార్లు తిప్పి రేణువులను తీసేయాలి. ముందుగా నేలకు మట్టి రంగే పూసి, అది తడిగా ఉండగానే మట్టి చల్లితే పెళ్ల ఊడినా కింద తెల్లని ప్లాస్టర్ బయటపడదు.

పట్టాల కింద కంకర అతిగా ముతకగా ఉండటం నమూనాల్లో తరచూ కనిపించే లోపం. అసలు కంకర రాయి గరిష్ఠంగా 65 మిల్లీమీటర్లు, అంటే 1:87లో ముప్పావు మిల్లీమీటరు. పిడికెడు రాతిపొడిని రెండు జల్లెడల మధ్య నిలిచేలా జల్లిస్తే ఆ పరిమాణం దొరుకుతుంది. పొడిగానే పట్టాల మధ్య పోసి కుంచెతో సర్దాలి. పట్టాపై, స్లీపరుపై ఒక్క పలుకు మిగలకూడదు. ఆపై సన్నగా నీళ్లు చల్లి, ఒక పాలు ఫెవికాల్‌కు రెండు మూడు పాళ్ల నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపి సిరంజితో వదలాలి. ఆ ద్రవం నీటి తలతన్యతను తగ్గిస్తుంది. అది లేకపోతే జిగురు పూసల్లా నిలిచి కంకరను చెదరగొడుతుంది. రాత్రంతా ఆరాక పట్టా పక్కలకు తుప్పు రంగు వేసి, పై అంచును మాత్రం తుడిచి మెరిసేలా ఉంచాలి. కరెంటు పారేది, చక్రం తాకేది అక్కడే.

చెట్టూ నీరూ

పళని కొండల వానచాటున ఉన్న దిండిగల్ మెట్ట ప్రాంతం. దట్టమైన పచ్చిక పరిస్తే అది మరో ఊరవుతుంది. పొడి గడ్డి, ముళ్లపొదలు, తాళ్లు, వేపలు, చింతలు, కాలవ పక్కన కొబ్బరి చెట్లు, బీడు భూముల్లో సర్కారు తుమ్మ, ఇవే ఇక్కడి వృక్షసంపద. 20 మీటర్ల తాటిచెట్టు 1:87లో 23 సెంటీమీటర్లు. చాలా నమూనాల్లో చెట్లు అందులో సగం కూడా ఉండవు, దాంతో స్టేషనే పెద్దదైపోయినట్టు కనిపిస్తుంది.

తాటిమానుకు వెదురు పుల్లను గరుకు కాగితంతో సన్నగా దిద్ది, దాని మీద అడ్డంగా గాట్లు పెట్టవచ్చు. ఆకులకు పలచని కాగితాన్ని విసనకర్రలా మడిచి అంచులు కత్తిరిస్తారు. కింద వేలాడే ఎండు మట్టలు మరవకూడదు. వేప, చింతలకు పాత కరెంటు తీగల్లోని రాగి పోగులను మెలిపెట్టి మొదలుగా, కొమ్మలుగా విడదీస్తారు. ఫెవికాల్‌లో కలిపిన రంపపు పొట్టు బెరడు అవుతుంది. కొండపల్లి బొమ్మలవారు చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి అతుకులు పూడుస్తారు. ఆ మక్కు ఈ పనికీ బాగా పనికొస్తుంది. బీరపీచు లేదా కొబ్బరి పీచు చిన్న కొమ్మలవుతుంది. ఆకులకు స్పాంజిని మిక్సీలో నలగ్గొట్టి రంగువేసిన పొడి వాడాలి. ఒకే ఆకుపచ్చను ఎప్పుడూ వాడకూడదు. పైన లేత రంగు, లోపల ముదురు రంగు పడితే చెట్టుకు నిండుదనం వస్తుంది.

గడ్డికి రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల నైలాన్ పోగులను స్థిర విద్యుత్తు పరికరంతో జిగురు నేలపై వదులుతారు. ఆ విద్యుత్తుకు పోగులన్నీ నిటారుగా నిలబడతాయి. పెసర పచ్చ, గోధుమ, ఎండుగడ్డి రంగులు కలిపి గుంపులు గుంపులుగా వదలాలి. పశువులు తిరిగే చోట, కాలిబాట మీద గడ్డి ఉండకూడదు.

ఇక చెరువు. పారదర్శకమైన ఎపాక్సీ రెసిన్‌ను కొద్ది మిల్లీమీటర్ల పొరలుగా పోస్తే లోతైన నీరు వస్తుంది. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పసుపు పడుతుంది, పగులుతుంది. అయితే దిండిగల్ వైపు ఏడాదిలో చాలా నెలలు ఎండిన చెరువే సహజం. జిగట మట్టిని పలచగా పూసి నెమ్మదిగా ఆరనిస్తే అదే బీటలు వారుతుంది. చేత్తో గీసిన ఏ గీతా అంత సహజంగా రాదు.

కట్టడాలు

కట్టడం పని ఫొటోతో మొదలవుతుంది. ఎదురుగా, పక్కల నుంచి, పైకప్పు కనిపించేలా తీయాలి. టేపు పెట్టి కొలవలేనిచోట ఇటుక వరుసలు లెక్కపెట్టవచ్చు. తలుపు ఎత్తు తెలిస్తే మిగతా గోడ ఎత్తు నిష్పత్తితో తేలుతుంది. గీసిన పటాన్ని ముందు మామూలు అట్టతో మడిచి బల్లపై పెట్టి చూస్తారు. చోటు, ఎత్తు కుదిరాకే సన్‌బోర్డు, ప్లాస్టిక్ షీటు, ఎండీఎఫ్‌తో అసలుది కడతారు.

రైల్వే ఆవరణలో సరుకును బట్టి కట్టడాలు ఎంచుకోవాలి. దిండిగల్ పొగాకుకు, చుట్టలకు, తోళ్ల శుద్ధికి, తాళాలకు పేరున్న ఊరు. స్పెన్సర్ కంపెనీ చుట్టలు ఇక్కడే తయారయ్యేవి, దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిరుమలై, విరూపాక్షి కొండ అరటి, నిలకోట పూలు కూడా ఇక్కడి సరుకులే. కాబట్టి గోదాము ముందు పొగాకు బేళ్లు, తోళ్ల కట్టలు, అరటి గెలలు ఉంటే చూసేవారికి చోటు తెలుస్తుంది. రేకుల షెడ్డు ముందు ఇనుప ముక్కల కుప్ప పెడితే అది తాళాల పనివాడలకు గుర్తు అవుతుంది.

పెంకుల కప్పుకు మంగుళూరు పెంకు 1:87లో ఐదు మిల్లీమీటర్ల పొడవు కూడా ఉండదు. విడివిడిగా పెంకులు అంటించే బదులు దళసరి కాగితం పట్టీలను ఒకదానిపై ఒకటి ఎక్కేలా అతికి, పట్టీ అంచును గాట్లుగా కత్తిరిస్తారు. అక్కడక్కడ ఒక పెంకు జారినట్టు, ఒకటి కొత్త రంగులో మార్చినట్టు చేస్తే చాలు. ముడతల ఇనుప రేకు ముడత నుంచి ముడతకు 76 మిల్లీమీటర్లు. నమూనాలో అది 0.87 మిల్లీమీటర్లు. ఎం5 బోల్టు మరల మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లే. మెత్తని అట్ట మీద పరిచిన వంటింటి అల్యూమినియం రేకుపై ఆ బోల్టును నొక్కి దొర్లిస్తే ముడతలు పడతాయి.

స్టేషన్ పేరు బోర్డు చిన్న వస్తువే అయినా అందరి చూపూ ముందు పడేది దాని మీదే. పసుపు నేలపై నల్లని అక్షరాలతో తమిళం, హిందీ, ఇంగ్లిషులో పేరు, కింద సముద్ర మట్టానికి ఎత్తు ఉండాలి. ఈనాటి నమూనాకు కరెంటు స్తంభాల మధ్య దూరం ముఖ్యం. అసలు దారిలో అది 72 మీటర్లకు మించదు, అంటే 83 సెంటీమీటర్లు. దృశ్యం కుదించినప్పుడు 50, 60 సెంటీమీటర్లకు ఒకటి నాటినా ఎబ్బెట్టుగా ఉండదు.

కట్టడాన్ని నేల మీద ఊరికే పెట్టకూడదు. పునాది అంచు చుట్టూ మట్టి పోసి, గోడ మొదట గడ్డి అంటించి, గడప ముందు అడుగులకు అరిగిన చోటు చూపాలి. గోడ కింద సన్నని చీకటి సందు కనిపిస్తే ఎంత మంచి ఇల్లైనా తెచ్చిపెట్టినట్టే ఉంటుంది.

పాతదనం అద్దడం

రంగు వేసిన కట్టడానికి తర్వాతి పని వయసు ఇవ్వడం. దానికీ వరుస ఉంది. ముందు ఎండకు వెలిసినట్టు మొత్తం మీద లేత రంగు పలచగా వేస్తారు. తర్వాత కిటికీల మూలల నుంచి కిందికి వాన చారలు, మేకుల చుట్టూ తుప్పు, చివరగా దుమ్ము. మెట్ట ప్రాంతంలో పాచి తక్కువ, ఎర్ర దుమ్ము ఎక్కువ. కాబట్టి గోడల కింది జానెడు భాగం, అంటే నమూనాలో రెండు మూడు మిల్లీమీటర్లు, ఎర్రబారాలి. ఆవిరి కాలపు షెడ్డులో మసి పైకప్పు కింద, పొగగొట్టం నిలిచే చోటనే దట్టంగా ఉంటుంది. పొడి రంగు సుద్దలను గరుకు కాగితంపై అరగదీసి మెత్తని కుంచెతో అద్దితే తప్పయినప్పుడు తుడిచేయవచ్చు. నచ్చాక మెరుపు లేని వార్నిష్ కొట్టి స్థిరపరుస్తారు.

వెనక తెర, దీపాలు, జనం

బల్ల వెనక గోడ ఖాళీగా ఉంటే దృశ్యం అక్కడే తెగిపోతుంది. దిండిగల్ నుంచి మదురై వైపు అంబత్తురై, కొడైకెనాల్ రోడ్ స్టేషన్ల మీదుగా పోయే దారికి ఒకవైపు సిరుమలై, మరోవైపు పళని కొండలు కనిపిస్తాయి. తెర మీద వీటిని లేత నీలం బూడిదలో, దూరం పెరిగేకొద్దీ రంగు తగ్గిస్తూ రాయాలి. మూలలను గుండ్రంగా వంచితే గది మూల కనిపించదు. తెరకూ నేలకూ మధ్య చెట్ల వరుసో, సగం మందమే ఉన్న ఇళ్ల వరుసో అతుకును కప్పుతుంది.

దీపాలకు పసుపు ఛాయ ఎల్‌ఈడీలు మేలు. ఆవిరి కాలానికి తెల్లని దీపం నప్పదు. గోడలు పలచనివైతే వెలుగు బయటికి తెలుస్తుంది. అందుకే లోపల నల్ల రంగు పూయాలి.

మనుషులను గుంపులుగా, కూర్చున్నట్టు, ఎదురుచూస్తున్నట్టు పెట్టాలి. పరుగెత్తుతున్న బొమ్మ కదలకుండా నిలిచిపోతే కన్ను వెంటనే పసిగడుతుంది. పూలబుట్టతో కూర్చున్న మనిషి, సంచి మీద తల పెట్టి పడుకున్న ప్రయాణికుడు, ప్లాట్‌ఫాం అంచున నిలబడ్డ కూలీ ఎంతసేపైనా నమ్మేలా ఉంటారు.

కాపాడుకోవడం

మన వాతావరణంలో సీనరీకి శత్రువులు దుమ్ము, తేమ, చీమలు, చెదలు. పని లేనప్పుడు పలచని బట్ట కప్పాలి. దుమ్మును మెత్తని కుంచెతో లేపి, మూతికి పాత సన్నని సాక్సు కట్టిన వాక్యూమ్‌తో లాగితే ఊడిన చిన్న ముక్కలు సాక్సులో నిలుస్తాయి. పిండి, బెల్లం వంటివి కలిసిన జిగురు వాడితే చీమలు చేరతాయి. చింతగింజల మక్కు వాడినచోట పైన వార్నిష్ తప్పనిసరి. బల్ల చెక్క వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుంటుంది. పట్టాల అతుకుల్లో అక్కడక్కడ మిల్లీమీటరు సందు వదలకపోతే పట్టా వంకరపోయి కంకర పగులుతుంది. ప్లాస్టర్ గుట్టను, పట్టాల పరుపును ఒకే ముక్కగా అతకకుండా మధ్య సన్నని సందు ఉంచి దాన్ని గడ్డితో కప్పితే, ఒకటి కదిలినా రెండోది చీలదు. బల్లను ముందే రెండు మూడు భాగాలుగా చేసి బోల్టులతో కలిపి ఉంటే, ఇల్లు మారినప్పుడు గుట్టను పగలగొట్టాల్సిన అవసరం రాదు.